మీటరు కంటే ముందు గొట్టాన్ని చూడండి

అందరికీ నమస్కారం.

చల్లటి నీళ్లు పోసిన గ్లాసు బయట చెమర్చడం మీరందరూ చూసిందే. ఏ ఉష్ణోగ్రతకు చల్లబడితే చుట్టూ ఉన్న ఆవిరి నీటిబొట్లుగా మారడం మొదలవుతుందో, అదే డ్యూ పాయింట్. 1820లో బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ ఫ్రెడరిక్ డేనియల్ ఈథర్ ఆవిరయ్యేటప్పుడు పుట్టే చల్లదనంతో ఒక గాజుబుడ్డిని చల్లబరిచి, దాని మీద చెమ్మ కనిపించగానే లోపలి థర్మామీటరు చదివాడు. ఇవాళ ప్రయోగశాలల్లో అందరూ ప్రమాణంగా నమ్మే చిల్డ్ మిర్రర్ (చల్లబరిచిన అద్దం) పరికరం చేసేదీ ఆ పనే. ఈథర్ బదులు కరెంటుతో చల్లబరిచే పెల్టియర్ మాడ్యూల్, మనిషి కంటి బదులు ఒక కాంతిపుంజం, థర్మామీటరు బదులు ప్లాటినం సెన్సర్. గ్యాసులో తేమను ఇంత సూటిగా కొలిచే పద్ధతి మరొకటి లేదని నా అభిప్రాయం.

ఇప్పుడు కొన్ని అంకెలు చెబుతాను, ఓపికగా వినండి. మామూలు వాతావరణ పీడనం దగ్గర, 20 డిగ్రీల డ్యూ పాయింట్ ఉన్న గాలిలో నీటిఆవిరి దాదాపు 23,000 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 23,000 పాళ్లు. మైనస్ 40కి వస్తే సుమారు 127. మైనస్ 60 దగ్గర 11కి కాస్త తక్కువ. మైనస్ 80 దగ్గర అర పీపీఎం. మైనస్ 100 దగ్గర పీపీఎం మాటే మరచిపోవాలి, అక్కడున్నది 14 పీపీబీ, అంటే వంద కోట్ల పాళ్లలో 14. డిగ్రీలు వరసగా దిగుతుంటే నీరు మాత్రం పదింతల చొప్పున మాయమవుతోంది. మైనస్ 60 చూపించాల్సిన చోట మైనస్ 50 కనిపిస్తే ‘పది డిగ్రీలే కదా’ అనేవాళ్లను చూశాను. అక్కడ నీరు మూడున్నర రెట్లకు పైగా ఎక్కువ ఉంది!

అద్దంలో ఒక చిక్కుంది. సున్నా కంటే కింద దాని మీద పేరుకున్నది గడ్డకట్టని నీరా, మంచా? రెంటికీ ఆవిరి పీడనం ఒకటి కాదు. నీరుగా ఉంటే మైనస్ 20 చూపించే గ్యాసే మంచుగా మారితే మైనస్ 18 చూపిస్తుంది. అందుకే మంచి పరికరానికి భూతద్దం బిగిస్తారు. చూసి, డ్యూ పాయింటా, మంచు పట్టే ఫ్రాస్ట్ పాయింటా అన్నది రాసుకోవాలి.

మిగతా పరికరాల గురించి క్లుప్తంగా చెబుతాను. అల్యూమినియం ఆక్సైడ్ సెన్సర్ చవక, చిన్నది, పైపులోనే కూర్చుంటుంది. కానీ వయసు మీద పడేకొద్దీ దాని రీడింగు జారిపోతుంది, క్రమం తప్పక క్యాలిబ్రేట్ చేయించాలి. ఫాస్ఫరస్ పెంటాక్సైడ్ సెల్ నీటిని పీల్చి, కరెంటుతో విడగొట్టి, ఆ కరెంటునే కొలుస్తుంది. నిమిషానికి 100 మిల్లీలీటర్ల ప్రవాహంలో ఒక్క పీపీఎంకు సుమారు 13 మైక్రో ఆంపియర్లు. ఎంత నీరు విడిపోతే అంత కరెంటు అనే ఫారడే సూత్రం అంత నిక్కచ్చిగా కళ్లముందు పనిచేయడం నాకు ఎప్పుడూ ముచ్చటే. ఇక పీపీబీలకు లేజరు పరికరాలున్నాయి.

అయితే నేను అసలు చెప్పవచ్చింది వీటి గురించి కాదు. ఒకచోట నైట్రోజన్ లైను మీద మధ్యాహ్నం రీడింగు మైనస్ 45, తెల్లవారుజామున మైనస్ 55. మీటరు మార్చారు, మళ్లీ మార్చారు. నేను వెళ్లేసరికి మూడోది బిగిస్తున్నారు. మెయిన్ లైను నుంచి మీటరు దాకా ఉన్నది మాత్రం ఎండ తగిలే నైలాన్ గొట్టం, కొన్ని మీటర్ల పొడవు. ఎండకు వేడెక్కినప్పుడల్లా దాని గోడల్లోని నీరు గ్యాసులోకి వస్తోంది, బయటి తేమ కూడా గోడ దాటి చొరబడుతోంది. దాన్ని తీసేసి పొట్టి స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టం వేసి రాత్రంతా గ్యాసు పారించాం. పొద్దున్నకి మైనస్ 70. పాత మీటర్లు రెండూ మంచివే!

‘లోపల అంత ప్రెషరుంటే బయటి తేమ ఎలా వస్తుంది?’ అని అప్పుడు ఒక టెక్నీషియన్ అడిగాడు. చాలా మంచి ప్రశ్న అది. నీటికి కనిపించేది నైట్రోజన్ పీడనం కాదు, నీటి పీడనం. బయటి గాలిలో నీటిఆవిరి పీడనం వెయ్యి పాస్కల్స్ పైమాటే, లోపల ఒక పాస్కల్ కూడా లేదు. నైట్రోజన్ బయటకు తోసుకుంటుంటే నీరు లోపలికి నడుస్తుంది. కనిపించనంత చిన్న లీకులోనూ ఇదే కథ.

అనుమానం వస్తే ప్రవాహం రెట్టింపు చేయండి, ప్రెషరు మాత్రం మారనివ్వకండి. తేమ గ్యాసుదే అయితే కాసేపటికి పాత రీడింగే వస్తుంది. గొట్టం కలుపుతున్నదైతే రీడింగు పొడివైపు కదులుతుంది. ఫాస్ఫరస్ పెంటాక్సైడ్ (ఎలక్ట్రోలిటిక్) సెల్‌లో కరెంటు ప్రవాహంతో పాటే పెరుగుతుంది కాబట్టి అక్కడ లెక్క సరిచేసుకోవాలి. రీడింగు పక్కన ప్రెషరు రాయకపోతే ఆ కాగితం దేనికీ పనికిరాదు: 7 బార్ గేజి (బయటి పీడనం కంటే 7 బార్లు ఎక్కువ) దగ్గర మైనస్ 40 అయిన గాలిని బయటి పీడనానికి వదిలితే సుమారు మైనస్ 57.

ఈ బల్ల మీద ఒకే సిలిండరు నుంచి రెండు గొట్టాలు వస్తున్నాయి, ఒకటి స్టీలు, ఒకటి నైలాన్. రాత్రి నుంచి రెండింటిలోనూ గ్యాసు పారుతూనే ఉంది. మీటరు ఇప్పటిదాకా స్టీలు వైపు ఉంది. నైలాన్ వైపుకు తిప్పుతున్నాను. ముందు వరసలో ఉన్నవాళ్లు అంకెలు పైకి చదవండి.