గుర్రం తోక గుంపు, ఒంటరి మార్సియస్

సభకు నమస్కారం.

గ్రీకు పురాణాల్లో సగం మనిషి, సగం జంతువైన సాటిర్ అనగానే మేక కాళ్లు, చిట్టి కొమ్ములు గుర్తొస్తాయి. పాత గ్రీకు కుండల మీద వెతికితే అవి దొరకవు. అక్కడున్నది గుర్రం తోక, గుర్రం చెవులు, చప్పిడి ముక్కు. ఫ్లోరెన్స్‌లోని ఫ్రాంస్వా కలశం క్రీ.పూ. 570 ప్రాంతానిది, దాని మీద వీళ్లకు ఏకంగా గుర్రం కాళ్లే. మేక కాళ్లు పాన్ దేవుడి సొత్తు. రోమన్లు తమ అడవి దేవుడు ఫౌనస్‌ను పాన్‌తో కలిపేశారు. తర్వాతి చిత్రకారులు సాటిర్‌నీ, ఫౌనస్ పేరుతో వచ్చిన మేక కాళ్ల ఫౌన్‌నీ ఒకే గాటన కట్టేశారు.

మద్య దేవుడు డయోనైసస్ వెంట తాగి తిరిగే మూక, ఆడవాళ్ల వెంటపడే మూక అని చెప్పి చాలామంది వదిలేస్తారు. అబద్ధం కాదు. కానీ ఏథెన్స్‌వాళ్లు ఈ మూకను ఎక్కడ నిలబెట్టారో చూడండి. డయోనైసస్ ఉత్సవంలో ఒక కవి వరసగా మూడు విషాద నాటకాలు ఆడించాక, అదే కవి రాసిన సాటిర్ నాటకం ఉండేది. హత్యలూ శాపాలూ చూసి బరువెక్కిన జనం ముందుకు తోకలు కట్టుకున్న బృందం గెంతుకుంటూ వచ్చేది.

పూర్తిగా మిగిలింది ఒక్కటే, యురిపిడీస్ రాసిన ‘సైక్లోప్స్’. ఒంటికన్ను రాక్షసుడి కంట్లో కాల్చిన దుంగ పొడవాలి, సాయం పట్టండ్రా అంటాడు ఒడిస్సియస్. అంతవరకూ బీరాలు పలికిన సాటిర్‌లలో ఒకడికి ఉన్నపళంగా కాలు కుంటిదవుతుంది, ఇంకొకడి కళ్లలో దుమ్ము పడుతుంది. మాకో మంత్రం వచ్చు, పాడితే దుంగ దానంతటదే వెళ్లి గుచ్చుకుంటుంది అంటారు చివరికి!

నేపుల్స్ మ్యూజియంలో ప్రోనోమస్ కలశం ఉంది, క్రీ.పూ. 400 నాటిది. దాని మీద ఈ బృందంలోని కుర్రాళ్లు ముఖానికి పెట్టుకోవాల్సిన మాస్కులు చేతుల్లో పట్టుకుని, నడుముకు బొచ్చు లాగులతో నిలబడి కబుర్లాడుతుంటారు. ఒక్కడు మాత్రం ఆగలేక మాస్కు తగిలించుకుని అప్పుడే చిందులేస్తున్నాడు. గంటసేపైనా చూడొచ్చు ఆ బొమ్మని.

గుంపులో ఉన్నంతసేపూ సాటిర్‌కు ఏ పిరికితనమైనా చెల్లింది. గుంపు విడిచి ఒక్కడే నిలబడ్డవాడు మార్సియస్.

సన్నాయిలాగా పీకతో ఊదే జంట గొట్టాల వాయిద్యం ఆవ్‌లోస్. ఎథీనా దేవత దాన్ని ఊదుతూ నీళ్లలో తన ముఖం చూసుకుంది. బుగ్గలు అసహ్యంగా ఉబ్బాయి. విసిరి పారేసింది. ఫ్రిజియాకు చెందిన మార్సియస్ ఏరుకుని సాధన చేశాడు, ఏకంగా సంగీత దేవుడు అపోలోనే పోటీకి పిలిచాడు. అపోలో తన తంత్రీవాద్యాన్ని తలకిందులు చేసి వాయించి, నువ్వూ అలా వాయించు అన్నాడట. ఊదే గొట్టంతో అదెలా కుదురుతుంది? ఓడినవాణ్ణి చెట్టుకు కట్టి బతికుండగానే తోలు ఒలిచారు. ‘నన్ను నా నుంచే ఎందుకు లాగేస్తున్నావు’ అని అరిపించాడు రోమన్ కవి ఓవిడ్ తన కావ్యంలో. ముసలితనంలో ఇటలీ చిత్రకారుడు టిషియన్ ఈ శిక్షనే బొమ్మ కట్టాడు: మార్సియస్ తలకిందులుగా వేలాడుతుంటే, కింద ఒక చిన్న కుక్క నెత్తురు నాకుతోంది.

ప్లేటో రాసిన సంభాషణ ‘సింపోజియం’లో ఏథెన్స్ నాయకుడు ఆల్సిబయాడీస్ సోక్రటీస్‌ను పోల్చింది ఈ మార్సియస్‌తోనే. ముఖం అదే చప్పిడి ముక్కు ముఖం, మనుషుల్ని కట్టిపడేసే శక్తీ అదే, కాకపోతే వాయిద్యం అక్కర్లేదు, మాట చాలు అంటాడు. సోక్రటీస్ గతి ఏమైందో మీకు తెలుసు.

ఆధునికుల ఫౌన్ కూడా ఒంటరే. ఫ్రెంచి కవి మలార్మే 1876లో ఫౌన్ మీద పద్యం అచ్చేస్తే, స్వరకర్త డెబ్యుసీ 1894లో దానికి సంగీతం కట్టాడు, నర్తకుడు నిజిన్‌స్కీ 1912లో నర్తించి పారిస్‌లో రభస లేపాడు. ఆ ఫౌన్‌కు మధ్యాహ్నపు మగత తప్ప వేరే కష్టం లేదు. అందుకేనేమో, నా మనసు అటు పోదు.

రోమ్ నగర కూడలి ఫోరమ్‌లో మార్సియస్ విగ్రహం ఉండేది. సామ్రాజ్యంలో స్వతంత్ర నగరాలు స్వేచ్ఛకు గుర్తుగా అలాంటివే నిలబెట్టుకున్నాయి. ఆగస్టస్ చక్రవర్తి కూతురు జూలియా ఒక రాత్రి ఆ విగ్రహానికి పూలదండ వేసిందని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. క్రీ.పూ. 2లో తండ్రి ఆమెను పాండటేరియా దీవికి వెళ్లగొట్టాడు. దండ ఒక్కటే కారణం కాదు లెండి.