అన్‌షాలో ఎపిసోడ్, మూడు స్లాష్‌లతో

సుజాత: ఈ వారం, కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్‌లో --అన్‌షాలో. షాలో క్లోన్‌కి, అంటే చివరి కొన్ని కమిట్లే (దాచిన మార్పులే) తెచ్చుకున్న కాపీకి, మిగతా చరిత్రంతా తెచ్చిపెట్టే ఆప్షన్. ఎక్కడెక్కడ తన్నేస్తుందో చూద్దామన్నాం. కానివ్వు రవీ.

రవి: ముందు అసలైన షాలో క్లోన్ చేతికి రావాలిగా. సగం టెస్టులు మునిగేది అక్కడే.

సుజాత: వచ్చేశాయి నీ ఫైల్:/// మూడు స్లాష్‌లు!

రవి: రాక తప్పదు మరి. డిస్కు మీద చిన్న రిపో (గిట్ చరిత్ర ఉన్న ఫోల్డరు) పెట్టి "గిట్ క్లోన్ --డెప్త్ 1 ../మూలం కాపీ" అని కొడతారు. ఉత్త పాత్ ఇస్తే అది లోకల్ క్లోన్. చరిత్ర ఉన్న ఆబ్జెక్టు ఫైళ్ళన్నీ హార్డ్‌లింకులతో, అంటే అవే ఫైళ్ళకి ఇంకో పేరుగా, వచ్చేస్తాయి; ఎన్ని అంచెల చరిత్ర చాలో చెప్పే డెప్త్‌ని పట్టించుకోదు.

సుజాత: వార్నింగ్ ఇస్తుందిగా.

రవి: స్టాండర్డ్ ఎర్రర్‌లో ఒక్క లైను! ఎగ్జిట్ కోడ్ మాత్రం 0, అంటే అంతా సవ్యమే. స్క్రిప్టు చూసేది దాన్నే. ఇది ఎర్రర్ అయి తీరాలి.

సుజాత: నేనొప్పుకోను. ఒకే స్క్రిప్టుకి ఓసారి యూఆర్ఎల్ ఇస్తారు, ఓసారి డిస్కు పాత్ ఇస్తారు. లోకల్‌లో చరిత్రంతా వచ్చినా పని చెడదు, ఎర్రర్‌తో ఆగిపోతే చెడుతుంది.

రవి: టెస్టు చెడుతుంది కదా! తాజా కమిట్ ఉందా లేదా అని మాత్రమే చూసే టెస్టు పూర్తి క్లోన్ మీదా పాసవుతుంది.

సుజాత: ఆ లోపం టెస్టుది. "రెవ్-పార్స్ --ఈజ్-షాలో-రిపాజిటరీ" ట్రూ అన్నాకే మిగతావి చూడాలి.

రవి: ...సరే, అది నిజమే. క్లోన్‌కి మాత్రం ఫైల్://$పీడబ్ల్యూడీ అనే ఇవ్వండి. పీడబ్ల్యూడీ, అంటే మనమున్న ఫోల్డరు పాత్, మొదలయ్యేదే స్లాష్‌తో, కలిపి మూడు. గిట్ సొంత టెస్టుల్లో టీ5537 అనే షాలో ఫెచ్ టెస్టుల ఫైలు తెరిస్తే ఫైల్:// కనిపిస్తుంది.

సుజాత: డెప్త్ 2 అంటే రెండు కమిట్లని రాసేస్తారు, అదీ చెప్పు.

రవి: హెడ్, అంటే తాజా కమిట్, రెండు బ్రాంచిల్ని కలిపిన మెర్జ్ కమిట్ అయితే మూడొస్తాయి. పేరెంట్లిద్దరూ రెండో అంచెలోనే ఉంటారు. వరసగా సాగే చరిత్ర మీద రాసిన, కమిట్లు లెక్కపెట్టే "రెవ్-లిస్ట్ --కౌంట్" టెస్టు అక్కడ ఫెయిలవుతుంది. డెప్త్‌కి 0 ఇచ్చినా -1 ఇచ్చినా ఫేటల్, అంటే ఎర్రర్‌తో ఆగిపోవడమే. ఉన్న చరిత్రకన్నా పెద్ద అంకె ఇస్తే కిక్కురుమనదు, మొత్తం తెస్తుంది, ఈజ్-షాలో ఫాల్స్ అంటుంది.

సుజాత: అన్‌షాలో... టైమైపోతోంది.

రవి: చరిత్రంతా ఉన్న పూర్తి రిపో మీద కొడితే ఫేటల్, ఎగ్జిట్ కోడ్ 128. రెండోసారి నడిపిన స్క్రిప్టు అక్కడే ఆగిపోతుంది, అందుకే ముందు ఈజ్-షాలో అడగాలి.

సుజాత: మిగతా బ్రాంచిలు వస్తాయా?

రవి: రావు. క్లోన్‌లో --డెప్త్ ఇస్తే --సింగిల్-బ్రాంచ్ ఇచ్చినట్టే, కాన్ఫిగ్‌లో ఏ బ్రాంచిలు తేవాలో చెప్పే ఫెచ్ రెఫ్‌స్పెక్ ఆ ఒక్క బ్రాంచికే ఉంటుంది. "రిమోట్ సెట్-బ్రాంచెస్ ఆరిజిన్ '*'" కొట్టి మళ్ళీ ఫెచ్ చేయాలి. ఇక సోర్సే షాలో అయితే దానిలో ఉన్నంతే వస్తుంది, ఫేటల్ ఏమీ రాదు, మన రిపో షాలోగానే మిగులుతుంది. దాన్ని టెస్టు చేయాలన్నా ఫైల్ కోలన్—

సుజాత: మూడు స్లాష్‌లు. తెలుసు. ఆపేస్తున్నా.