సొరకాయ బుర్రతో టేబుల్ స్పీకర్

(చేతిలో ఎండిన సొరకాయ బుర్ర. ఊపితే గింజలు గలగలమంటాయి.)

ఈ చప్పుడు విన్నారా? బుర్ర లోపలిదాకా ఎండిందనడానికి ఇదే గుర్తు. కాయను కొయ్యకుండా పాదు మీదే ముదరనిచ్చి, తర్వాత చూరుకు నెలల తరబడి వేలాడదీస్తే ఇలా కట్టెలా గట్టిపడుతుంది. కల్లు గీసేవాళ్లు, పొలానికి నీళ్లు తీసుకెళ్లేవాళ్లు వాడింది ఇదే. సంప్రదాయ వీణకు దండి కింద తగిలించే రెండో బుర్ర కూడా సొరకాయదే. దీంతో ఇవాళ స్పీకర్ చేద్దాం.

(చేతిలో మూడంగుళాల స్పీకర్, పాట మోగుతోంది.)

ఇది 4 ఓమ్‌ల స్పీకర్. విడిగా మోగిస్తే ఎంత పీలగా ఉందో వినండి. లోపం స్పీకర్‌ది కాదు. స్పీకర్‌లో కదిలే గరాటు లాంటి భాగం, అంటే కోన్, ముందుకు కదిలినప్పుడు ముందున్న గాలి ఒత్తుకుంటుంది, అదే క్షణంలో వెనక గాలి పలచబడుతుంది. ఆ రెండూ అంచు చుట్టూ తిరిగి కలిస్తే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ముందుగా పోయేది బేస్ సౌండే.

(స్పీకర్‌ను, ముందే మెడ కోసి శుభ్రం చేసిన ఇంకో బుర్ర మూతి మీద ఆనిస్తాం.)

ఇప్పుడో? డోలు దెబ్బ వచ్చేసింది! వెనక గాలి బుర్రలో ఉండిపోయింది, అంతే తేడా. పైగా బుర్ర గుండ్రంగా ఉంటుంది. మామూలు స్పీకర్ల చెక్కపెట్టెకైతే మూలల దగ్గర శబ్దం చెదురుతుంది. అమెరికాలో ఆర్‌సీఏ అనే రేడియో కంపెనీ ఇంజినీర్ హ్యారీ ఓల్సన్ రకరకాల ఆకారాల స్పీకర్ పెట్టెలను కొలిచి 1951లో ఫలితాలు ప్రచురించాడు. వాటిలో గోళమే అన్నిటికన్నా సాఫీగా పలికింది. మన పెరట్లో కాసేది దానికి దగ్గర చుట్టం.

మెడను హాక్సా బ్లేడుతో నిదానంగా కోయండి. లోపలి పీచు చెంచాతో గీకేటప్పుడు మాస్క్ తప్పనిసరి, ఆ పొడి గొంతులోకి పోతే దగ్గు ఆగదు. గింజలు దాచుకోండి. లోపల చోటెంతో బియ్యం పోసి కొలవండి, నీళ్లు పోస్తే గోడ నానుతుంది. ఒకటి, రెండు లీటర్లుంటే చాలు. పలచటి గోడకు స్క్రూలు పట్టవు కాబట్టి మూతికి ప్లైవుడ్ రింగును ఎం-సీల్‌తో అతికించి, పాత సైకిల్ ట్యూబు ముక్కను వాషర్‌లా వేసి, దాని మీద స్పీకర్ బిగించాలి. లోపల గుప్పెడు బూరుగు దూది.

(ఆంప్లిఫయర్ బోర్డు, దగ్గరగా.)

ఇది ఫోన్ నుంచి వచ్చే సిగ్నల్‌ను పెంచే ఆంప్లిఫయర్, పీఏఎం8403 బోర్డు. 5 వోల్టుల ఫోన్ చార్జర్‌తో నడుస్తుంది, 5.5 దాటనివ్వకండి. ఫోన్ నుంచి వచ్చే ఎడమ, కుడి వైర్లకు చెరో 1 కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టి ఒకే ఇన్‌పుట్‌కు కలపండి. స్పీకర్ మైనస్‌ను మాత్రం గ్రౌండ్‌కు కలపొద్దు. ఈ బోర్డులో స్పీకర్‌కు పోయే రెండు వైర్లలోనూ సిగ్నల్ ఉంటుంది.

నా మొదటి బుర్రలో వైరు కోసం వేసిన కన్నం మూయడం మర్చిపోయాను. బేస్ సరిగా రాక, రెండు రోజులు బోర్డునే అనుమానిస్తూ టంకం విప్పి మళ్లీ వేశాను. చివరికి అసలు సంగతి చెప్పింది అగరుబత్తి.

(బుర్రను కొబ్బరిపీచు చుట్టకుదురు మీద వాలుగా కూర్చోబెట్టి, ఫ్యాను ఆపి, డోలు పాట పెడతాం. అతుకుల వెంట అగరుబత్తి కదులుతుంది.)

సందు ఉన్నచోట ప్రతి దెబ్బకూ పొగ వణుకుతుంది. ఇదిగో, ఇక్కడ వణికింది. చిటికెడు ఎం-సీల్ పెట్టి, ఆరాక మళ్లీ చూద్దాం.

(అదే చోట అగరుబత్తి. డోలు మోగుతోంది. పొగ నిటారుగా పైకి పోతోంది.)