ఆ పదకొండు ట్యూబులు

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలకు, మన పిలుపు మన్నించి వచ్చిన చర్మవ్యాధుల డాక్టరమ్మ గారికి, నాతో పాటే ఈ వృత్తిలో తల నెరిసిన మిత్రులకు, ఈ ఏడే కౌంటరు వెనక నిలబడిన పిల్లలకు, మా పేట నుంచి వచ్చిన అక్కచెల్లెళ్లకు పేరుపేరునా నమస్కారం. ఈ రోజు సెప్టెంబరు 25, ప్రపంచ ఫార్మసిస్టుల దినోత్సవం. ఏటా ఈ రోజున మనల్ని మనం పొగుడుకుని, శాలువాలు కప్పుకుని ఇళ్లకు వెళ్తాం. నేను అందుకు రాలేదు.

కార్యదర్శి గారు నాకిచ్చిన అంశం ‘సాధారణ చర్మవ్యాధులు - గుర్తింపు, చికిత్స’. గుంటూరు కొత్తపేటలో ముప్పై ఒక్క ఏళ్లు మందుల షాపు నడిపాను. నేను వైద్యుణ్ణి కాను. అయితే ఒళ్లు దురద పెట్టిన మనిషి ముందుగా డాక్టరు దగ్గరికి వెళ్లడు, మన దగ్గరికే వస్తాడు. చొక్కా చేతిని పైకి మడిచి ‘దీనికేదైనా ఇవ్వండి’ అంటాడు. అందుకని ఐదు జబ్బులు వరుసగా కాగితం మీద రాసుకొచ్చాను.

మొదటిది ఎగ్జిమా, అంటే చర్మం పొడిబారి దురద పెట్టే జబ్బు. లోపలి తేమను బయటికి పోనివ్వకుండా, బయటి చికాకును లోపలికి రానివ్వకుండా కాపు కాయడం చర్మం పని. కొందరు పిల్లలకు పుట్టుకతోనే ఆ కాపలా బలహీనంగా ఉంటుంది. నెలల బిడ్డకు బుగ్గల మీద, కాస్త పెద్దయ్యాక మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక వస్తుంది. ఇంట్లో ఎవరికో ఉబ్బసమో, పొద్దున్నే ఆగని తుమ్ములో ఉంటాయి. మన ఇళ్లలో వెంటనే ఏం చేస్తాం? వంకాయ మానేస్తాం, గుడ్డు మానేస్తాం, సున్నిపిండితో బరబరా రుద్దుతాం. డాక్టరు చెప్పకుండా పథ్యాలు పెడితే బిడ్డ చిక్కిపోవడమే మిగులుతుంది. రుద్దుడు వల్ల దురద ఇంకా రెచ్చిపోతుంది. గోరువెచ్చని నీళ్లతో తొందరగా స్నానం ముగించి, ఒంటి తడి పూర్తిగా ఆరకముందే తేమ నిలిపే క్రీము రాయాలి. దురద లేని రోజున కూడా రాయాలి.

ఇక్కడ ఒక మాట పిల్లలు రాసుకోండి. పుస్తకాల్లో ‘ఎర్రని మచ్చ’ అని ఉంటుంది. మన చర్మం మీద ఎరుపు ఎరుపుగా కనబడదు. చామనఛాయ ఒంటి మీద అది వంగపండు రంగులోనో, బూడిద కలిసిన నలుపులోనో ఉంటుంది. రంగును నమ్ముకుంటే మోసపోతాం. చెయ్యి వేస్తే ఆ వేడి, మందం, గరుకు తెలుస్తాయి.

రెండోది, ఏదో వస్తువు తగిలి వచ్చే ఎగ్జిమా. దీనికి ఆకారమే సాక్ష్యం. బొట్టుబిళ్ల పెట్టుకునే చోట గుండ్రంగా, చెప్పు పట్టీ కింద ఆ పట్టీ ఎలా ఉందో అలాగే, గిల్టు గొలుసు వేసుకుంటే మెడ చుట్టూ వస్తుంది. తాపీ మేస్త్రీల చేతులకు సిమెంటులోని క్రోమియం వల్ల వస్తుంది. జుట్టుకు రంగు వేసేవారికి చెవుల వెనక, నుదుటి అంచున వస్తుంది. ఇక మన పొలం గట్ల మీది కలుపు మొక్క వయ్యారిభామ. 1950లలో దిగుమతి గోధుమలతో పాటు వచ్చిందంటారు. దాని పొడి గాలిలో లేచి కనురెప్పల మీద, మెడ మీద పడుతుంది. పాపం ఆ రైతు ఏటా మందు మారుస్తాడు, మొక్క మాత్రం గట్టు మీదే ఉంటుంది. ఏది పడటం లేదో తెలియకపోతే వీపు మీద పట్టీలు అంటించి, రెండు రోజులు ఉంచి చూసే పరీక్ష ఉంది. డాక్టరమ్మ గారు చేస్తారు.

మనది మిర్చి ఊరు కాబట్టి ఇంకొకటి. మిరప మంట ఎలర్జీ కాదు. ఆ ఘాటు ఉత్త నీళ్లకు లొంగదు. ముందు నూనె రాసి తుడుచుకుని, తరువాత సబ్బుతో కడుక్కోవాలి. ఈ ఉపాయం నాకు పుస్తకంలో దొరకలేదు, తొడిమలు తీసే ఒక కూలీ తల్లి చెప్పింది. నా కాగితంలో ఆమె సంగతి చివర ఉంది. కానీ ఆమె గుర్తుకొచ్చాక ఇక వరుస నా వల్ల కాదు. ఇప్పుడే చెబుతాను.

2009 ఎండాకాలం. మిర్చి యార్డు అవతలి షెడ్లలో పని చేసి, దారిలో నా షాపు దగ్గర ఆగింది. నడుము దగ్గర, చీర కుచ్చిళ్లు బిగించే చోట, రూపాయి బిళ్లంత మచ్చ. అంచు ఎత్తుగా, పొట్టు లేచి ఉంది. మధ్యలో చర్మం మామూలుగా ఉంది. అది తామర. శిలీంధ్రం వల్ల వచ్చేది. నాకు ఆ రోజే తెలుసు. తెలిసే మూడు మందులు కలిపిన ట్యూబు ఇచ్చాను. శిలీంధ్రానికి ఒకటి, బాక్టీరియాకు ఒకటి, వాటితో పాటు క్లోబెటసాల్ అనే బలమైన స్టెరాయిడ్. ఎందుకు ఇచ్చానంటే, స్టెరాయిడ్ ఉంటే మూడు రోజుల్లో దురద పోతుంది. దురద పోతే మనిషి మళ్లీ మన గుమ్మమే తొక్కుతుంది. నాలుగో రోజు వచ్చి, ‘మీ చెయ్యి మంచిది అన్నయ్యా’ అని చెప్పి వెళ్లింది.

పదిహేను రోజులకు మళ్లీ వచ్చింది. మళ్లీ ఇచ్చాను. మళ్లీ వచ్చింది. మళ్లీ ఇచ్చాను.

మరుసటి ఏడు సంక్రాంతి వెళ్లాక మా వీధిలో ఉండే చర్మం డాక్టరు గారు కబురు పెట్టారు. వెళ్లేసరికి ఆమె స్టూలు మీద కూర్చుని ఉంది. ఒళ్లో ప్లాస్టిక్ కవరు. డాక్టరు గారు దాన్ని బల్ల మీద బోర్లించారు. పదకొండు ట్యూబులు. ప్రతిదాన్నీ బ్లేడుతో నిలువునా కోసి, లోపల అంటుకున్న చివరి పిసరు దాకా వేలితో గీకి రాసుకుంది. అట్టపెట్టెలు కూడా పారేయలేదు. ప్రతి పెట్టె మీదా ‘రోజుకు రెండుసార్లు’ అని నా చేతిరాత.

మచ్చ నడుము నుంచి తొడలకు దిగింది. ఎత్తైన అంచు చెరిగిపోయి, వలయంలో వలయం వేసుకుని గుర్తుపట్టలేనట్టు తయారైంది. తొడల మీద వెడల్పాటి చారలు. ‘తామర తగ్గిస్తాను, నెలలు పడుతుంది. ఈ చారలు మాత్రం పోవు’ అన్నారు డాక్టరు గారు. ఇంతలో ఆమె వెనక నిలబడిన కూతురిని ముందుకు పిలిచారు. ఇంటర్ చదివే పిల్ల. తెల్లబడతానని అమ్మ ట్యూబే ముఖానికి రాసుకుంది. బుగ్గల మీద చర్మం ఉల్లిపొరలా పలచబడి, కింద నెత్తురు సన్నటి దారాల్లా కనబడుతోంది. రాయడం ఆపిన రోజు ముఖం మండిపోతోంది.

ఆ తల్లి నన్నొక్క మాట అనలేదు. ‘అన్నయ్య మంచి మందే ఇచ్చాడు డాక్టరు గారూ, మా ఒంటికే పడలేదు’ అంది.

మిత్రులారా, ఆ మాట నేను ఈనాటికీ మోస్తున్నాను. తిట్టి ఉంటే ఇంత బరువుండేది కాదు.

డాక్టరు గారు నన్ను గద్దించలేదు. పదిహేను రోజులు పొద్దున్నే ఒక గంట వచ్చి తన ఓపీలో కూర్చోమన్నారు. నేను చెబుతున్నదంతా అక్కడ నేర్చుకున్నదే. శిలీంధ్రంతో పోరాడేటప్పుడు చర్మం ఎగిసిపడుతుంది, వాస్తుంది, దురద పెడుతుంది. స్టెరాయిడ్ ఆ పోరాటాన్నే అణచివేస్తుంది. మనిషికి హాయి, శిలీంధ్రానికి పండగ. మారువేషం వేసుకున్న ఈ తామరకు 1968లోనే ‘గుర్తుపట్టరాని తామర’ అనే అర్థంలో వైద్యులు పేరు పెట్టారు. అప్పటికే తెలిసిన తప్పును మనం ఇన్నేళ్ల తరువాత కూడా చేస్తున్నాం.

అలాగని స్టెరాయిడ్ విషం కాదు. ఈ మాట పేట నుంచి వచ్చిన తల్లులు బాగా వినాలి. 1952లో హైడ్రోకార్టిసోన్ పూత మందుగా పనిచేస్తుందని తేలాక ఎగ్జిమా ఉన్నవాళ్ల జీవితమే మారింది. బిడ్డకు ఎగ్జిమా అని డాక్టరు రాసిస్తే భయపడి మానేయకండి. ఏ జబ్బుకు, ఏ చోట, ఎంత బలమైనది, ఎన్ని రోజులు అన్నదే అసలు లెక్క. చూపుడు వేలి కొస నుంచి మొదటి గీత దాకా ట్యూబు పిండితే సుమారు అర గ్రాము. అది వేళ్లతో సహా పెద్దవాళ్ల రెండు అరచేతులంత మేరకు సరిపోతుంది. ఈ కొలత కౌంటరు దగ్గర మీ వేలి మీదే చూపించండి, అర నిమిషం పని.

ఇంతకు ముందు పూత మందులకు చట్టంలో వెసులుబాటు ఉండేది. 2018 మార్చిలో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూత మందులను షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. ఈ హాలు దాటి నాలుగు వీధులు తిరిగితే చీటీ లేకుండా ఎన్ని షాపుల్లో దొరుకుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. నన్ను ఇంతకంటే మాట్లాడించకండి.

సమయం అయిపోతోంది, సోరియాసిస్ చెప్పకుండా దిగను. మోచేతులు, మోకాళ్లు, నడుము వెనక, తల. దళసరి మచ్చ, దాని మీద వెండి పొట్టు. గోళ్ల మీద సూదితో పొడిచినట్టు గుంటలు. కీళ్లు నొప్పులున్నాయా అని తప్పకుండా అడగండి, కొందరికి కీళ్లనూ పట్టుకుంటుంది. ఇది అంటువ్యాధి కాదు. మా బావగారికి ఒక క్షౌరశాలలో కత్తెర పెట్టనన్నారు. ఆయన అప్పటి నుంచి తన జుట్టు తానే కత్తిరించుకున్నారు. తాకండి, పక్కన కూర్చోండి, ఒకే పళ్లెంలో తినండి, ఏమీ కాదు. పూత మందులున్నాయి, కాంతి చికిత్స ఉంది, మాత్రలు, సూదులు ఉన్నాయి. ఆ మాత్రల్లో మెథోట్రెక్సేట్ సోరియాసిస్‌కు వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. పిల్లలూ, పొట్లం మీద డాక్టరు రాసిన వారం పేరు, ‘ఆదివారం మాత్రమే’ అన్నట్టు, తెలుగులో రాయండి. చదువు రానివాళ్లయితే ఇంట్లో చదివేవాళ్లకు ఫోను చేసి చెప్పండి.

రాత్రిపూట ఇల్లంతా గోక్కుంటుంటే అది గజ్జి, ఇంటిల్లిపాదికీ ఒకేసారి మందు పడాలి. పాలిపోయిన మచ్చ మీద స్పర్శ లేదంటే ఏ ట్యూబూ ఇవ్వకుండా ప్రభుత్వాసుపత్రికి పంపండి. అది కుష్ఠు కావచ్చు, మందులు అక్కడ ఉచితం, పూర్తిగా నయమవుతుంది.

ఇంట్లో వాడుతున్న ట్యూబులు తెచ్చుకోమని మొన్న పేటలో చెప్పి వచ్చాను. సంచుల్లో పెట్టుకు వచ్చారని తెలుసు. దాచుకోకండి, ఇక్కడ ఎవరూ తిట్టరు. ముఖానికి నెలల తరబడి రాస్తున్నవాళ్లు మాత్రం నా మాట విని ఈ రాత్రే విసిరేయకండి, ఒక్కసారిగా ఆపితే మంట ఎగదన్నుతుంది. ఎలా తగ్గించాలో డాక్టరమ్మ గారు చెబుతారు. ఎనిమిది గంటల దాకా పక్క గదిలో ఉంటారు. ఆడపిల్లలు ముందు వెళ్లండి.