రొయ్యల గుంట దగ్గర ఒక రాత్రి: షార్ట్ ఫిల్మ్ తీయడంలో తొలి పాఠాలు

[తెర మీద: చీకట్లో రొయ్యల గుంటలు, తిరుగుతున్న ఏరేటర్లు. వాటి చప్పుడు కొన్ని క్షణాలు వినిపించాక వ్యాఖ్యానం మొదలవుతుంది.]

నమస్కారం. షార్ట్ ఫిల్మ్ తీయాలనుకునేవారు సాధారణంగా మొదట అడిగేది ఏ కెమెరా కొనాలని. ఈ వీడియోలో కెమెరా గురించి కొద్దిగానూ, కథ గురించి, ముఖ్యంగా శబ్దం గురించి విస్తారంగానూ చెప్పుకుందాం. చిన్న చిత్రాలు ఎక్కువగా దెబ్బతినేది ఆ రెండు చోట్లనే అని నా గట్టి నమ్మకం. విడివిడి సూత్రాలుగా చెప్పకుండా, ఒక చిన్న కథను తీసుకుని దానినే చిత్రంగా మలిచే క్రమాన్ని చూద్దాం.

నెల్లూరు జిల్లాలో ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు మండలాల తీరం వెంబడి రాత్రిపూట ప్రయాణిస్తే రొయ్యల గుంటల్లో నీటికి ఆక్సిజన్ అందించే యంత్రాల, అంటే ఏరేటర్ల, చప్పుడు తెరిపి లేకుండా వినిపిస్తుంది. నీటిలో కరిగి ఉండే ఆక్సిజన్ రాత్రంతా తగ్గుతూ వచ్చి తెల్లవారుజాముకు బాగా పడిపోతుంది కాబట్టి, ఆ వేళ కరెంటు పోయి, జనరేటరు కూడా అందుకోకపోతే, నెలల తరబడి పెంచిన పంట కొన్ని గంటల్లోనే నష్టమయ్యే ప్రమాదం ఉంటుంది. అందుకే అక్కడి కాపలాదారు ఆ హోరులో హాయిగా నిద్రపోగలడు గానీ, అది ఆగిన క్షణంలో ఉలిక్కిపడి లేస్తాడు.

మన కథానాయకుడు ఆ కాపలాదారే. బిడ్డకు జ్వరం తీవ్రమైందని, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలని ఇంటి నుంచి ఫోన్ వస్తుంది. అతను మోటారు సైకిలు తీస్తుండగా ఏరేటర్లు ఆగిపోతాయి, జనరేటరు ఎంతకీ స్టార్టు కాదు. ఇంటికి వెళ్ళాలా, గుంట దగ్గరే ఉండాలా? ఎనిమిది నిమిషాల చిత్రానికి ఇంతకన్నా కథ అవసరం లేదు. అతని బాల్యం, యజమానితో పాత గొడవలు, ఊరి రాజకీయం మీకు ఎంత ఆసక్తికరంగా తోచినా వాటిని పక్కన పెట్టండి. పెద్ద సినిమా కథను కుదించి షార్ట్ ఫిల్మ్ చేయాలనుకునేవారు ఇక్కడే చిక్కుకుంటారు. చిన్న చిత్రం మనిషి జీవితమంతా చెప్పనక్కరలేదు, అతను ఎటూ తప్పించుకోలేని ఒక్క ఘడియను పూర్తిగా చూపిస్తే చాలు.

స్క్రిప్టు రాసేటప్పుడు కంటికి కనిపించేది, చెవికి వినిపించేది మాత్రమే రాయండి. “అతను తీవ్రమైన మానసిక సంఘర్షణకు లోనయ్యాడు” అన్న వాక్యాన్ని ఏ కెమెరా తీయలేదు. “బండి తాళం తిప్పాడు, ఇంజను ఆపాడు, మళ్ళీ తిప్పాడు” అని రాస్తే నటుడికీ, కెమెరా పట్టేవారికీ పని దొరుకుతుంది. నెల్లూరు జిల్లాకు చెందిన సింగీతం శ్రీనివాసరావు గారు 1987లో “పుష్పక విమానం” అనే పూర్తి నిడివి చిత్రాన్ని సంభాషణలు లేకుండానే నడిపించారు. ముందుగా మీ కథను కూడా ఒక్క మాట లేకుండా రాసి చూసి, మాట లేనిదే అర్థం కాని చోట మాత్రమే సంభాషణ చేర్చండి.

చేర్చిన మాట మాత్రం ఆ మనిషి మాటగానే ఉండాలి. “విద్యుత్ సరఫరా నిలిచిపోయింది” అని మన కాపలాదారు అనడు. “కరెంటు పోయిందన్నా, జనరేటరు స్టార్టు కావటంలా” అంటాడు. భార్య ఫోనులో “బిడ్డకి ఒళ్ళు కాలిపోతా ఉండాది, ఎప్పుడొస్తావయ్యా?” అని అడుగుతుంది. నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల యాసను నవ్వించడానికి కాకుండా ఇలాంటి గంభీరమైన సన్నివేశానికి వాడినప్పుడు దాని బలం తెలుస్తుంది. రాసిన తర్వాత గడియారం పెట్టుకుని పైకి చదివి, చేతల మధ్య పట్టే సమయాన్ని కూడా కలిపి నిడివి లెక్కకట్టండి.

[తెర మీద: కాగితం మీద గీసిన పటం. గుంట గట్టు, కాపలా గుడిసె, జనరేటరు షెడ్డు.]

ఇప్పుడు షాట్ల విభజన. ఈ పటంలో గట్టుకు ఒక వైపు గుంట, మరో వైపు ఇంటికి వెళ్ళే దారి ఉన్నాయి. గుంట నుంచి దారి వరకు గట్టుకు అడ్డంగా ఒక గీత ఊహించుకుని, కెమెరాను చిత్రమంతా ఆ గీతకు ఒకే పక్కన ఉంచితే, కాపలాదారు తెరపై ఎడమకు చూసినప్పుడు గుంటను, కుడికి చూసినప్పుడు ఇంటిని తలచుకుంటున్నాడని ప్రేక్షకుడు చెప్పకుండానే గ్రహిస్తాడు. కెమెరా గీత దాటితే ఆ దిశలు తారుమారవుతాయి. 180 డిగ్రీల నియమం అనేది దీనినే. దూరపు షాట్‌తో స్థలాన్ని పరిచయం చేయండి, క్లోజప్‌లను మాత్రం నిర్ణయ ఘడియ కోసం దాచుకోండి.

కెమెరాకు మీ చేతిలోని ఫోను సరిపోతుంది. దానిని అడ్డంగా పట్టుకుని, సెకనుకు 24 లేదా 25 ఫ్రేములు ఎంచుకోండి. మన దేశంలో విద్యుత్తు 50 హెర్ట్జ్ కాబట్టి, దీపాల కింద తీసేటప్పుడు షట్టర్ వేగాన్ని, అంటే ఒక్కో ఫ్రేముకు వెలుతురు పడే సమయాన్ని, సెకనులో 50వ వంతుకు పెడితే తెర మీద మినుకుమినుకుమనే చారలు చాలావరకు రావు. ఫోకస్‌నూ వెలుతురునూ లాక్ చేయడం మరవకండి.

ఇది రాత్రి కథ గనుక వెలుతురు గురించి ఒక మాట. కటిక చీకట్లో తీసిన దూరపు షాట్‌లో గుంట కనిపించదు, నల్లని మచ్చలే మిగులుతాయి. మన ప్రాంతంలో సూర్యుడు అస్తమించాక సుమారు 20 నిమిషాల పాటు ఆకాశంలో నీలి వెలుగు నిలుస్తుంది. తూర్పు తీరం కాబట్టి పొద్దు భూమి వైపు దిగుతుంది, సముద్రం వైపు ఆకాశం త్వరగా నల్లబడుతుంది. అందుకే కెమెరాను పడమటి దిక్కుకు తిప్పి, ఆ కొద్ది సమయంలోనే దూరపు షాట్లన్నీ పూర్తి చేయాలి. మధ్యాహ్నమే అదే చోట నటులతో సాధన చేయించకపోతే ఇది సాధ్యపడదు. దగ్గరి షాట్లను ఆ తర్వాత చీకట్లో బ్యాటరీ దీపంతో నింపాదిగా తీసుకోవచ్చు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలు మన జిల్లాల్లోనే గట్టిగా పడతాయి కాబట్టి, ఆ నెలల్లో షూటింగ్ పెట్టుకోకపోవడం మంచిది.

[తెర నల్లగా మారుతుంది. ఏరేటర్ల చప్పుడు మాత్రమే. అది ఒక్కసారిగా ఆగుతుంది.]

మీరు ఇప్పుడు విన్నదే మన చిత్రానికి ప్రాణం. ఏరేటర్లు ఆగినట్లు ప్రేక్షకుడికి తెలియాలంటే, అవి తిరుగుతున్న హోరుకు అతని చెవి ముందే అలవాటుపడి ఉండాలి. కాబట్టి మొదటి మూడు నిమిషాలూ ఆ చప్పుడు ప్రతి షాట్ కిందా ఒకే స్థాయిలో సాగాలి. దీనికోసం నటులు లేనప్పుడు ఏరేటర్ల శబ్దాన్ని కొన్ని నిమిషాలు ఏకధాటిగా రికార్డు చేసుకోండి. అవి ఆగాక ఉండే నిశ్శబ్దాన్ని కూడా అలాగే వేరుగా, యంత్రాలు లేని గట్టు మీద, రికార్డు చేయాలి. ఎందుకంటే నిజమైన నిశ్శబ్దంలో కప్పలుంటాయి, గాలి ఉంటుంది, దూరాన సముద్రం ఉంటుంది. ఎడిటింగ్‌లో శబ్దాన్ని పూర్తిగా తీసివేస్తే స్పీకరు పాడైందని అనుకుంటారు తప్ప కరెంటు పోయిందని అనుకోరు.

సంభాషణల కోసం రెండో ఫోనుకు కాలరు మైకు తగిలించి నటుడి చొక్కా జేబులో ఉంచండి. షాట్ మొదట్లో ఒకసారి చప్పట్లు కొడితే ఆ శబ్దం ఆధారంగా బొమ్మనూ మాటనూ కలపవచ్చు. తీరంలో మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి జోరుగా వీస్తుంది కాబట్టి మైకుకు నురుగు తొడుగు, వీలైతే దానిపైన బొచ్చు తొడుగు కూడా ఉండాలి.

మాటలు స్పష్టంగా వినిపించడం కోసం ఏరేటర్లను కాసేపు ఆపమని రైతును ఎన్నడూ అడగకండి. మన షాట్ కన్నా ఆయన పంట విలువైనది. మాటలున్న సన్నివేశాలను పంట తీసేసిన గుంట దగ్గర తీసి, హోరును తర్వాత కలపండి. తెల్లమచ్చల వంటి వ్యాధులు ఒక గుంట నుంచి మరొక గుంటకు పాకుతాయి గనుక, ముందుగా అనుమతి తీసుకుని, పాదాలు ముంచే మందునీళ్ళు పెట్టి ఉంటే తప్పక వాడి, తడిసిన సామగ్రితో మరో గట్టుకు వెళ్ళకుండా ఉండండి. నీటి పక్కన కరెంటు తీగలు లాగి దీపాలు పెట్టడం ప్రాణాంతకం.

ఎడిటింగ్‌కు డావిన్చి రిజాల్వ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచిత రూపం చాలు. మన చిత్రంలో అతి ముఖ్యమైన కత్తిరింపు ఏరేటర్లు ఆగే చోటే ఉంది. శబ్దం ముందు ఆగాలి, అతని ముఖం ఇంకా బండి వైపే ఉండాలి, ఒక క్షణం తర్వాత కళ్ళు గుంట వైపు తిరగాలి, అప్పుడే గుంటను చూపించాలి. ఈ వరుస మారితే సన్నివేశం చప్పబడుతుంది. ఆ చోట నేపథ్య సంగీతం పెట్టకపోవడమే మంచిదని నా అభిప్రాయం. మరెక్కడైనా పెడితే సొంతంగా చేయించుకున్నది వాడండి. హక్కుదారుల అనుమతి లేకుండా సినిమా పాట వాడితే కాపీరైటు చిక్కులు వస్తాయి.

చిత్రం పూర్తయ్యాక స్నేహితులకన్నా ముందు, నిజంగా రొయ్యల గుంటకు కాపలా కాసే ఒకరికి చూపించండి. “యజమానికి ముందు ఫోను చెయ్యకుండా అట్టా ఎట్టా ఉంటాడు?” అని ఆయన అడిగితే వాదించకుండా రాసుకుని, ఒక రాత్రి మళ్ళీ వెళ్ళి ఆ ఫోను షాట్ తీసుకురండి.