నొప్పి వేలికి, బాధ మనిషికి

(దృశ్యం: పలాసలో ఒక జీడి పరిశ్రమ. పిక్కలు కోసే బల్ల, దాని ముందు ఒక కార్మికురాలి చేతులు.)

ఈ బల్ల ముందు కూర్చున్న ఆమె ఎడమ చూపుడు వేలికి కత్తి అంచు తగిలిందనుకుందాం. చెయ్యి చటుక్కున వెనక్కి వస్తుంది. ఆ పని వెన్నుపాముదే. మెదడు ఆజ్ఞ కోసం అది ఆగదు. ముందు చురుక్కుమంటుంది, కాసేపటికి సలుపు మొదలవుతుంది. చురుకును మోసే ఎ-డెల్టా నాడీ తంతువులకు కొవ్వు తొడుగు ఉన్నందున అవి సెకనుకు 5 నుంచి 30 మీటర్ల వేగంతో కబురు చేరవేస్తాయి. సలుపును మోసే సి-తంతువులకు ఆ తొడుగు లేదు, వాటి వేగం సెకనుకు సుమారు 2 మీటర్లు దాటదు. (తొక్కలోని నూనె అంటి చర్మం కాలే మంట కూడా ఈ దారులనే పడుతుంది.)

(దృశ్యం: వేలి నుంచి మెదడు వరకు వెలిగే గీత.)

ఆ కబురు వెన్నుపాములో అవతలి పక్కకు దాటి, మెదడు నడిమధ్యన కబుర్లను పంచే థలామస్ మీదుగా మెదడు కుడి భాగానికి చేరుతుంది. అక్కడ స్పర్శను గ్రహించే సొమటోసెన్సరీ కార్టెక్స్‌లో శరీరం ఎడమ సగానికి ఒక పటం ఉంది. వీపంతటికీ దక్కిన చోటు కంటే వేళ్లకు, పెదవులకు దక్కిన చోటే ఎక్కువ. గాయం ఏ వేలికి, ఎంత తీవ్రంగా అన్నది తేల్చడంలో ప్రధాన పాత్ర ఈ భాగానిదే.

అయితే అది ఆమెను ఎంత బాధిస్తున్నదో ఈ పటం చెప్పలేదు. తెలుగులో నొప్పి, బాధ అనే రెండు మాటలు ఉండడం ఇక్కడ మనకు కలిసివచ్చింది. నొప్పిని బాధగా మార్చడంలో మెదడులోని ఇన్సులా, యాంటీరియర్ సింగ్యులేట్ కార్టెక్స్ అనే మరో రెండు భాగాలకు పెద్ద పాత్ర ఉంది. 1997లో ప్రచురితమైన ఒక మాంట్రియల్ పరిశోధనలో, 47 డిగ్రీల వేడినీటిలో చెయ్యి ఉంచినవారికి హిప్నాసిస్ ద్వారా బాధను మాత్రమే పెంచే, తగ్గించే సూచనలు ఇచ్చారు. నీటి వేడి మారలేదు, సొమటోసెన్సరీ కార్టెక్స్ చురుకుదనమూ పెద్దగా మారలేదు; సింగ్యులేట్ చురుకుదనం మాత్రం బాధను అనుసరించి హెచ్చుతగ్గులైంది. మొండి నొప్పులకు చివరి ప్రయత్నంగా ఆ ప్రాంతానికి శస్త్రచికిత్స జరిగిన రోగులలో కొందరు, నొప్పి ఉందిగాని మునుపటిలా బాధించడం లేదని చెప్పడం నాకు ఇంతకంటే గట్టి సాక్ష్యంగా తోస్తుంది.

(దృశ్యం: మెదడు కాండం. బాణం గుర్తు పైనుంచి కిందికి.)

కబురు కింది నుంచి పైకే కాదు, పైనుంచి కిందికీ నడుస్తుంది. భయాన్ని నడిపే అమిగ్డలా, పరిస్థితిని బేరీజు వేసే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ రెండూ మెదడు కాండంలోని పెరియాక్విడక్టల్ గ్రే అనే చిన్న ప్రాంతంతో ముడిపడి ఉంటాయి. అది వెన్నుపాము గుమ్మం దగ్గరే నొప్పి కబురును అణచగలదు. ఆ అణచివేతలో శరీరం స్వయంగా తయారుచేసుకునే, నల్లమందును పోలిన ఎండార్ఫిన్ల వంటి రసాయనాలు పాలుపంచుకుంటాయి. 1978లో పన్ను పీకించుకున్న రోగులపై జరిగిన ప్రయోగంలో, ఉత్తుత్తి మందుతో ఉపశమనం పొందినవారికి ఆ రసాయనాలను అడ్డగించే నాలోక్సోన్ ఇవ్వగానే నొప్పి పెరిగింది.

(దృశ్యం: మళ్లీ అదే బల్ల.)

కిలోల లెక్కన కూలి దక్కే రోజున ఆమె వేలికి గుడ్డ చుట్టుకుని, సాయంత్రం తూకం అయ్యేదాకా సలుపును అంతగా పట్టించుకోకుండా పిక్కలు కోయగలగడం ఈ ఏర్పాటు వల్లనే. రాత్రి ఇల్లు చేరి నడుం వాల్చాక అదే వేలు నిద్ర పట్టనివ్వదు. వాపు వల్ల కొంత, ధ్యాస మళ్లించే పని చేతిలో లేకపోవడం వల్ల కొంత.