పాయింటు తిరిగిందని కంప్యూటర్‌కి ఎవరు చెప్పాలి?

[క్లోజప్: టంగ్ రైలు నెమ్మదిగా జరిగి స్టాక్ రైలుకి ఆనుకుంటుంది. చిన్న మోటారు చప్పుడు.]

నమస్కారం. ఇది నిడదవోలు జంక్షన్ నమూనా, బొమ్మ రైళ్లతో. భీమవరంలో మా మేడ మీద గదిలో, ఎనిమిది అడుగుల ప్లైవుడ్ మీద కట్టుకున్నాను. రాజమండ్రి నుంచి కొవ్వూరు దాటి వచ్చే బండికి ఇక్కడ రెండు దార్లు. ఒకటి తాడేపల్లిగూడెం వైపు, రెండోది తణుకు, అత్తిలి మీదుగా మా భీమవరం. బండిని ఒక దారి నుంచి ఇంకో దారికి మళ్లించే పట్టాల అమరికే పాయింటు. అందులో కదిలే మొనదేలిన పట్టా టంగ్ రైలు, అది వచ్చి ఆనుకునే కదలని పట్టా స్టాక్ రైలు. నిన్నమొన్నటి దాకా పాయింట్లు చేత్తో తిప్పేవాణ్ణి. ఇప్పుడు కంప్యూటరే తిప్పుతోంది.

ఇది హెచ్‌ఓ స్కేలు, అంటే అసలు సైజులో 87వ వంతు. పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. మన బ్రాడ్ గేజ్ 1676 మిల్లీమీటర్లని 87తో భాగిస్తే 19 దాటుతుంది. ఆ తేడా నాకు ఎప్పుడూ కంట్లో పడుతూనే ఉంటుంది, కానీ దుకాణాల్లో మామూలుగా దొరికే పట్టాలు ఇవే.

[బోర్డు కింది వైపు. సర్వో, దాని నుంచి పైకి వెళ్లే ఉక్కు తీగ.]

ప్రతి పాయింటు కింద 9 గ్రాముల చిన్న సర్వో ఉంది, అంటే చెప్పినంత కోణానికి చెయ్యి తిప్పే మోటారు. దాని చెయ్యి సన్నని ఉక్కు తీగతో టంగ్ రైళ్లని కలిపే అడ్డబద్దని లాగుతుంది. కాయిల్ మోటార్లూ దొరుకుతాయి, కానీ అవి టక్కున కొడతాయి. అసలు పాయింటు అలా తిరగదు, అందుకే నాకు సర్వోనే ఇష్టం. సర్వోకి 20 మిల్లీసెకన్లకోసారి పల్స్, అంటే క్షణకాలపు కరెంటు సంకేతం, వెళ్తుంది. పల్స్ వెడల్పు, అంటే అది ఉండే సేపు, ఒకటిన్నర మిల్లీసెకను ఉంటే చెయ్యి మధ్యలో నిలుస్తుంది, తగ్గితే ఒకవైపు, పెరిగితే ఇంకోవైపు తిరుగుతుంది. ఆ వెడల్పుని కొద్దికొద్దిగా మారిస్తే పాయింటు రెండు సెకన్లలో హుందాగా జరుగుతుంది.

ప్రోగ్రామ్ నడిపే చిన్న బోర్డు ఆర్డుయినోకి తోడు, పల్స్‌లు పంపే పీసీఏ9685 బోర్డు ఒకటి చాలు, 16 సర్వోలు నడుస్తాయి. కరెంటు మాత్రం ఆర్డుయినో నుంచి తీయకండి. విడిగా 5 వోల్టుల సప్లై పెట్టి, గ్రౌండ్ రెండింటికీ కలపండి.

ఇక క్రాసింగ్. బండికి కరెంటు పట్టాల్లోంచే వెళ్తుంది. రెండు దార్ల పట్టాలు కలిసే ఆ లోహపు మొనకి ఒక దారిలో ఒక పోలారిటీ (ప్లస్సో మైనస్సో), రెండో దారిలో దానికి వ్యతిరేకం కావాలి. మార్చకపోతే షార్ట్ అవుతుంది. పాయింటుతో పాటే నొక్కుకునే మైక్రోస్విచ్ ఆ పని చేస్తుంది.

ఇక్కడితో పని అయిపోయిందనుకున్నాను. శ్రావణంలో చెమ్మకి ప్లైవుడ్ ఉబ్బింది. వేసవిలో చక్కగా ఆనుకున్న టంగ్ రైలు బియ్యపుగింజంత ఎడంగా ఆగిపోయింది. స్క్రీన్ మీద మాత్రం దారి పచ్చగా ఉంది. బండి వచ్చింది, ఇంజను ఒక దారికి, పెట్టెలు ఇంకో దారికి పోయి పడ్డాయి. రైల్వేలో సిగ్నల్ మెయింటెయినర్‌గా రిటైరైన మా పెదనాన్న చూసి ఒకటే అడిగారు: "తిరగమని నువ్వు చెప్పావు, బాగానే ఉంది. తిరిగిందని నీకెవరు చెప్పార్రా?"

[క్లోజప్: అడ్డబద్దకి రెండు వైపులా మైక్రోస్విచ్‌లు.]

సర్వో జవాబు చెప్పదు. అందుకే ఈ రెండు స్విచ్‌లు, నార్మల్‌కి, అంటే పాయింటు మామూలుగా ఉండే దారికి ఒకటి, రివర్స్‌కి, అంటే రెండో దారికి ఒకటి. వీటిని సర్వో చేతికి పెట్టకండి. టంగ్ రైలు ఇరుక్కున్నా తీగ వంగుతుంది, చెయ్యి పూర్తిగా తిరిగేస్తుంది, స్విచ్ అబద్ధం చెబుతుంది. అడ్డబద్దే స్విచ్‌ని నొక్కాలి. మోడల్ రైళ్లని కంప్యూటర్‌తో నడిపే జేఎంఆర్‌ఐ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ పాయింటుకి టూ సెన్సర్ ఫీడ్‌బ్యాక్ పెట్టాను, అంటే రెండు స్విచ్‌లనీ చూసి పాయింటు ఎటుందో తేల్చే పద్ధతి. ఏ స్విచ్చూ నొక్కుకోకపోతే దారి ఖరారు కాదు, సిగ్నల్ ఎర్రగానే ఉంటుంది. బండి పాయింటు మీద ఉన్నంతసేపూ దాన్ని కదల్చకుండా ఇంకో షరతు కూడా రాశాను.

మా ఊళ్లో గాలివానకి కరెంటు పోయి వస్తుంటుంది. వచ్చినప్పుడల్లా సర్వోలు ఉలిక్కిపడతాయి. అందుకే కరెంటు రాగానే ప్రోగ్రామ్ ముందుగా స్విచ్‌లనే అడుగుతుంది, పాత లెక్కని నమ్మదు.

అసలు పాయింటుకి టంగ్ రైలు, స్టాక్ రైలు మధ్య 5 మిల్లీమీటర్ల ముక్క పెట్టి తిప్పి చూస్తారట. లాక్ పడకూడదు, డిటెక్షన్, అంటే పాయింటు సరిగ్గా ఆనుకుందన్న సంకేతం, రాకూడదు. దాన్ని 87తో భాగిస్తే కాగితం కన్నా పల్చన, నా స్విచ్‌లకి అంత నిశితం లేదు. నేను శుభలేఖ ముక్క మడిచి పెడతాను.

[అట్ట ముక్క పెట్టి పాయింటు తిప్పడం. సర్వో తిరుగుతుంది. సిగ్నల్ ఎర్రగానే ఉంది. బండి ఆగి ఉంది.]

చూశారా, ఆగింది. ముక్క తీసి మళ్లీ తిప్పుతున్నాను.

[టిక్ అని చప్పుడు. సిగ్నల్ పచ్చగా మారుతుంది. బండి భీమవరం దారి పడుతుంది.]